మూడో కొలత

ఆ పొద్దున ఓబయ్య పెట్టుకున్న పని ఒక్కటే. సైట్ క్లినిక్‌లో బీపీ చూపించుకుని, చీటీ మీద ముద్ర వేయించుకుని, ఎప్పటిలాగే పరంజా ఎక్కడం. ఎండలు ముదిరితే గల్ఫ్‌లోని ఈ అల్ అమెరాత్ సైట్‌లో ఎత్తు మీద పనిచేసేవాళ్లందరికీ ఇదే తంతు. పై అంకె నూట నలభై దాటకూడదు. మూడుసార్లూ దాటితే కంపెనీ ఇంటికి పంపేస్తుంది. ఊళ్లో ఓబయ్య ఇంటికి గోడలు లేచాయి గానీ, పైకప్పు ఇంకా పడలేదు.

రూమ్‌లో తోడుండే కడప బాషా ముందే జాగ్రత్త చెప్పాడు.

"ఒంట్లో వేడి చేస్తే బీపీ పెరుగుతాది ఓబన్నా. ఉప్పు మజ్జిగ తాగి పో."

ఓబయ్య రెండు చెంబులు తాగాడు.

నర్సు సఫూరా హైదరాబాదు మనిషి. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. అది బిగిసేకొద్దీ ఓబయ్య గుండె డప్పులా మోగింది. నూట డెబ్బై.

"ఏం తాగొచ్చినవ్?"

"ఉప్పు మజ్జిగమ్మా."

"బీపీ చూపెట్టుకోనీకి ఉప్పు తాగొచ్చినవా? మంచిగుంది. జర కూర్చో."

ఓబయ్య ఇంకా బెదిరాడు. తన వంతు కోసం అక్కడే కూర్చున్న బాషా పక్కన చేరి ధైర్యం చెప్పాడు.

"ఏం కాదులే అన్నా. పోయిన నెల క్రేను డ్రైవరుకూ ఇట్లే వచ్చింది."

"తగ్గిందా?"

"యాడ తగ్గింది. ఇంటికి పంపిచ్చినారు."

రెండో కొలత నూట ఎనభై.

"భయపడితే గిట్లనే ఉంటది," అంది సఫూరా. "పులి ఎదురొచ్చినా, పట్టీ కట్టినా ఒంటికి ఒక్కటే. ఉరకనీకి తయారైతది."

"యాడికి ఉరకాలమ్మా? మిద్దె పడాల," అన్నాడు ఓబయ్య.

సూపర్‌వైజర్ వచ్చి చీటీ చూశాడు. మూడోది లాంఛనమేనని, టికెట్ సంగతి చూస్తానని చెప్పి పోయాడు. ఓబయ్య బయటికి వచ్చి భార్య చిన్నవ్వకు ఫోన్ చేశాడు.

"నన్ను ఇంటికి పంపిస్తాండారు."

"రా. రేకులు ఏసుకుందాం. మిద్దెకని బర్రెను అమ్మేది ఆపుతాలే," అంది చిన్నవ్వ.

ఇక్కడికొచ్చిన పన్నెండేళ్లుగా దేనికి భయపడ్డాడో అది జరిగిపోయింది. ఇక భయపడటానికి ఏమీ మిగల్లేదు. రేకుల కింద మంచం, గ్లాసులో బర్రెపాలు కళ్ల ముందు కదిలాయి. సఫూరా మూడోసారి పట్టీ చుడుతుంటే ఓబయ్య ఆవులించాడు.

నూట ముప్పై. ఆమె ముద్ర గుద్దింది. టికెట్ ఆగిపోయింది.

"చూసినావా అన్నా, నా మజ్జిగ పని చేసింది," అన్నాడు బాషా.

ఓబయ్య నడుముకు బెల్టు బిగించుకుని పరంజా ఎక్కాడు. నాలుగో అంతస్తు చేరాక గుర్తొచ్చింది, రావడం లేదని చిన్నవ్వకు చెప్పాలి. ఆ మాట విన్నాక ఆమెకు బీపీ చూసేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.