కోసారా పిన్ని ముఖం వెడల్పు

గురువారం పొద్దున కాఫీ పొంగకముందే రాదిసావ్ ఆ రోజు కార్యక్రమమంతా భార్యకు అప్పజెప్పేశాడు.

"మధ్యాహ్నానికల్లా కోసారా పిన్ని బొమ్మ రాయి మీదకి ఎక్కిపోతుంది. సాయంత్రం కడిగి మెరుగు పెడతా. రేపు తీసుకెళ్లి శ్మశానంలో నిలబెట్టేస్తాం. ఎల్లుండి పోయినవాళ్లని తలుచుకునే పెద్దల శనివారం. ఊరంతా అక్కడే ఉంటుంది, ఒక్క మాట పడకూడదు."

"నువ్వు ఇంత ధీమాగా మాట్లాడినప్పుడల్లా నాకు భయమేస్తుందయ్యా," అంది మిలున్కా.

రాదిసావ్ ముప్ఫై ఏళ్లుగా సమాధిరాళ్లు చెక్కుతున్నాడు. మొదట్లో ఉలితో పేర్లు మాత్రం చెక్కేవాడు. యంత్రం కొన్నాక ముఖాలు కూడా మొదలుపెట్టాడు. కంప్యూటర్లో ఫొటో సరిచేసి పంపితే చాలు, వెనక షెడ్డులో ఉన్న యంత్రం వజ్రపు సూదితో నల్లరాయి మీద టకటకా చుక్కలు పొడిచి మనిషిని నిలబెడుతుంది. కోసారాకు డెబ్బై నాలుగేళ్లు. నిండైన మనిషి, గొంతు అంతకంటే నిండు. పోయిన భర్త తిహోమిర్ పక్కన తన రాయి కూడా తను బతికుండగానే చూసుకోవాలని ఆవిడ పంతం. తను పోయాక ఇంట్లోవాళ్లు ఏ ఫొటో ఇస్తారో ఆవిడకు నమ్మకం లేదు.

సోమవారం కంప్యూటరు ప్రాణం వదిలింది. పట్నంలో బాగుచేసేవాడు దాన్ని బతికించి, లోపల అన్నీ కొత్తగా వేసి, బుధవారం సాయంత్రం పంపించాడు. రాదిసావ్ ఇప్పుడు మీట నొక్కాడు. తెర వెలిగింది గానీ, దాని మీద ఉన్నవన్నీ రోడ్డు రోలరు కింద పడి లేచినట్టు అడ్డంగా సాగిపోయి ఉన్నాయి. గుండ్రటి గడియారం కోడిగుడ్డులా పడుకుని ఉంది. కోసారా ఫొటో తెరిచాడు. ఆ ముఖం మీద ఈ చెవి నుంచి ఆ చెవికి నడవాలంటే మధ్యలో ఎక్కడో కూర్చుని అలుపు తీర్చుకోవాలి.

బాగుచేసినవాడు ఫోను ఎత్తలేదు. ఇక మిగిలింది మరదలు జోరిత్సా. ఆవిడ క్రాగుయెవత్స్ నగరంలో బడిపిల్లలకు కంప్యూటర్లు చెబుతుంది. ఇంటర్వెల్లో తప్ప ఫోను ఎత్తదు. ఎత్తినా ఐదు నిమిషాలే.

"తెరకి బొమ్మ ఎలా గీయాలో చెప్పే ప్రోగ్రాము ఒకటుంటుంది బావా, డ్రైవరంటారు. అది వెయ్యలేదు వాడు. నీది ఏ గ్రాఫిక్స్ కార్డో చెప్పు, దానికి తగ్గది వెతికి పంపిస్తా."

"ఏ కార్డో నాకేం తెలుసు? నేను కొన్నప్పుడు అది కంప్యూటరు."

"సరే, డివైస్ మేనేజర్ తెరువు. డిస్‌ప్లే అన్నచోట ఏం రాసుంది?"

అది ఎక్కడుందో దొరికేసరికే మూడు నిమిషాలు గడిచాయి. "మామూలు డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంది."

"ఊరూ పేరూ అడిగితే 'మనిషిని' అన్నట్టుంది. పెట్టె విప్పు. తెర తీగ తగిలించిన కార్డు మీద చీటీ ఉంటుంది, అది చదివి చెప్పు. బెల్లు కొట్టారు, ఉంటా."

ఎక్కడైనా మరలు విప్పుతున్నారంటే పక్కింటి ద్రాగుటిన్‌కు ఎలాగో తెలిసిపోతుంది. టీవీలు బాగుచేసి రిటైరైన మనిషి. సొంత స్క్రూడ్రైవరుతో వచ్చి, ఒక గుక్క రాకియా సారా తాగి, రాదిసావ్‌ను పక్కకు జరిపాడు.

"నాలుగువేల టీవీలు విప్పిన చెయ్యిరా ఇది. ఈ పెట్టె ఓ లెక్కా?"

మూత ఊడింది. లోపల ఏళ్ల తరబడి పేరుకున్న రాతిపొడి. "ఇందులో చిన్న సైజు సమాధిరాయికి సరిపడా సరుకుందిరా," అని ద్రాగుటిన్ ఉఫ్‌మని ఊదాడు. ఆ పొడి అంతా రాదిసావ్ కాఫీలో పడింది. ద్రాగుటిన్ కళ్లద్దాలు సవరించుకుని, కార్డు మీద చీటీ వెతికి, పెద్ద నంబరొకటి చదివాడు. రాదిసావ్ రాసుకుని తరవాతి ఇంటర్వెల్లో మరదలికి వినిపించాడు.

జోరిత్సా ఆ నంబరు వెతికి చూసి అంది: "బావా, అది ఫ్యాను. పన్నెండు వోల్టుల ఫ్యాను. అది బొమ్మలు గీయదు, గాలి విసురుతుంది."

"నేను కాదు, నాలుగువేల టీవీలు విప్పిన ద్రాగుటిన్ అన్న చదివాడు!"

"అయితే ఆ నాలుగువేల టీవీల వాళ్లకి నా సానుభూతి చెప్పు. కార్డు ఊడదీసి సరిగ్గా చూడండి."

ఊడదీశారు. మూల మీద బంగారు రంగు బిళ్ల మెరుస్తూ కనిపించింది. దాని మీద నంబరు కూడా ఉంది. మూడో ఇంటర్వెల్లో రాదిసావ్ దాన్ని విజయగర్వంతో చదివాడు.

"తనిఖీ చేశామని వేసే బిళ్ల అది," అంది జోరిత్సా. ఆమె గొంతులో ఓపిక అడుగంటుతోంది. "పందిమాంసం మీద ముద్ర కొడతారే, అలాంటిది. మాంసం మంచిదంటుంది గానీ పంది పేరు చెప్పదు. కార్డు వెనక తెల్లచీటీ ఉంటుంది చూడు బావా, నీకు పుణ్యముంటుంది."

వెనక్కి తిప్పాడు. ఉంది, తెల్లచీటీ! కాకపోతే రాతిపొడి జిడ్డుకు అంటుకుని అక్షరం కనిపించడం లేదు. రాదిసావ్ భూతద్దం కోసం లోపలికి వెళ్లాడు. అతను తిరిగి వచ్చేసరికి మిలున్కా గుడ్డను రాకియాలో తడిపి చీటీని శుభ్రంగా తుడిచి ఉంచింది.

"చూడు, ఎంత తెల్లగా వచ్చిందో!"

నిజంగానే చాలా తెల్లగా వచ్చింది. చీటీ మీద తెలుపు తప్ప మరేమీ మిగల్లేదు.

రాదిసావ్ నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏం రాబోయేదో ఎవరికీ తెలియకుండానే వీధి గేటు కిర్రుమంది. కోసారా వచ్చింది.

"ఏరా రాదిసావ్, ఎక్కానా నేను రాయి మీదకి?"

"ఇంకాసేపట్లో పిన్నీ, ఇంకాసేపట్లో..."

"అయితే ఆ తెర మీదైనా చూపించు. చూడకుండా కదల్ను."

హడావుడిగా కార్డు బిగించి, తీగలు తగిలించి, ఫొటో తెరిచారు. కోసారా చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుని మళ్లీ చూసింది.

"ఎవర్రా ఈ గుమ్మడికాయ?"

"అది తెర తప్పు పిన్నీ. ఫొటో సరిగ్గానే ఉంది. రాయి మీద సరిగ్గానే వస్తుంది."

"నా కళ్లకి కనిపించేది అబద్ధం, నువ్వు చెప్పేది నిజమా? నేను పోయాక నా మనవలకి మనవలు వచ్చి, ఈవిడ శవపేటిక ఎంతమంది మోశారో పాపం అని లెక్కలేసుకోవాలా? శనివారం ఊరంతా ఒకచోటే ఉంటుంది. నీ పనితనం గురించి అందరికీ నేనే చెబుతా."

ఫొటో ఒకటి, తెర ఒకటి అని రాదిసావ్ నాలుగు రకాలుగా చెప్పి చూశాడు. ద్రాగుటిన్ ఐదో రకంగా చెప్పబోతే కోసారా చేతికర్ర ఎత్తింది. ఇక విసిగిపోయిన రాదిసావ్ ఫొటోను రెండు పక్కల నుంచీ నొక్కాడు. తెర మీద ముఖం గుండ్రంగా, మామూలుగా కుదిరేదాకా నొక్కాడు.

"ఇదిగో, ఇప్పుడు బాగుందా?"

"ఇది నేను. పంపు యంత్రానికి, నా ఎదురుగానే పంపు."

పంపాడు. "అయిపోయింది పిన్నీ. ఇక యంత్రం మీద పచ్చమీట నొక్కడమే." ఆవిడ వెళ్లాక, పక్కల నుంచి నొక్కిన బొమ్మ తీసేసి అసలు బొమ్మ పంపుదామని అతని ఆలోచన. కోసారా శాంతించి, మిలున్కాతో కాఫీ తాగడానికి వంటింట్లోకి వెళ్లింది.

నాలుగో ఇంటర్వెల్లో రాదిసావ్ చీటీ సంగతి చెప్పాడు. జోరిత్సా అంది: "ఇంకో దారి ఉంది. డివైస్ మేనేజర్లోనే, వివరాల్లో కార్డు గుర్తు ఉంటుంది. వి-ఇ-ఎన్ తరవాత నాలుగు అక్షరాలు, డి-ఇ-వి తరవాత నాలుగు. చదువు."

"పెట్టె విప్పకుండా తెలుస్తుందా? మరి పొద్దున్నే చెప్పొచ్చుగా!"

"చీటీ చదవడం తేలికనుకున్నా. చదివేది ఎవరో ఆలోచించకపోవడం నా తప్పే."

రాదిసావ్ పళ్లు కొరుక్కుంటూ ఒక్కో అక్షరం, ఒక్కో అంకె చదివాడు. ద్రాగుటిన్ పక్కన నిలబడి ప్రతిదాన్నీ ఇంకొంచెం గట్టిగా చదివాడు. పావుగంటలో డ్రైవరు వచ్చింది. వేశారు. తెర నల్లబడింది. తెర మళ్లీ వెలిగింది. గడియారం గుండ్రంగా ఉంది! ఇద్దరూ రాకియా గ్లాసులు తగిలించుకున్నారు.

రాదిసావ్ ఫొటో తెరిచాడు. ఇందాక నొక్కిన కోసారా ఇప్పుడు అసలు రూపంలో కనిపించింది. కీరదోసకాయలా పొడుగ్గా, బుగ్గలు పీక్కుపోయి ఉంది. నవ్వుకుంటూ దాన్ని సరిచేయబోయి, చెయ్యి ఆపాడు. ఇంతసేపూ ఏదో టకటకమంటోంది. మిల్లు నడిపేవాడికి మిల్లు మోత వినిపించదు. ఈ టకటకను కూడా అతని చెవులు ఎన్నడో వినడం మానేశాయి. ఒక్క గెంతున షెడ్డులోకి వెళ్లాడు.

యంత్రం గడ్డం దాటి మెడ మీదకు దిగింది.

"మిలున్కా! పచ్చమీట ఎవరు నొక్కారు?"

"నేనే. మీట నొక్కడం ఒక్కటే మిగిలిందన్నావుగా, పిన్ని చెప్పింది. నువ్వు ఫోన్లో గొడవపడుతున్నావని సాయం చేశా."

"పొద్దుట్నించీ నీ సాయానికి నా జీవితం తెల్లబడిపోతోందే!"

కొత్త రాయి రావాలంటే పది రోజులు. చెక్కిన రాయి చెరిగేది కాదు. రాదిసావ్ యంత్రం ఆపి, దుప్పటి తెచ్చి రాయి మీద కప్పాడు. ద్రాగుటిన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అప్పటికే కోసారా గుమ్మంలోకి వచ్చేసింది.

"నా రాయికి చలేస్తోందా? తియ్ ఆ దుప్పటి."

రాదిసావ్ తీశాడు. తీసి కళ్లు మూసుకున్నాడు. తిట్లు వస్తాయని చూశాడు, రాలేదు. చేతికర్ర దెబ్బ పడుతుందనుకున్నాడు, అదీ పడలేదు. ఒక కన్ను తెరిచాడు. కోసారా రాయి ముందు నిలబడి తలగుడ్డ అంచుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"పెళ్లికూతురిగా ఈ ఊరు వచ్చినప్పుడు సరిగ్గా ఇలాగే ఉండేదాన్నిరా," అంది మెల్లగా. "నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. నీకెలా తెలిసింది?"

రాదిసావ్ మిలున్కా వైపు చూశాడు. మిలున్కా ద్రాగుటిన్ వైపు చూసింది. ద్రాగుటిన్ టోపీ పెట్టేసుకున్నాడు.

"అనుభవం పిన్నీ," అన్నాడు రాదిసావ్.

శనివారం కోసారా తన రాయి పక్కన నిలబడి వచ్చినవాళ్లందరికీ గోధుమ ప్రసాదం పంచింది. రాయిని చూడకుండా ఎవరినీ కదలనివ్వలేదు. చీకటిపడేలోగా ముగ్గురు ఆడవాళ్లు రాదిసావ్‌ను చాటుకు పిలిచి, తమకూ అలాంటి పనితనమే కావాలని చెప్పారు.

పక్కనే ఉన్న తిహోమిర్ నిండు బుగ్గల బొమ్మను చూసినవాళ్లు మాత్రం, కాపురం చేసిన నలభై ఏళ్లూ ఆవిడ వాటా కూడా ఆయనే తిన్నట్టున్నాడని అనుకుంటూ వెళ్లారు.