గొళ్ళెపు అర్జీకి ముద్ర పడిన మహాసమరము

ఎండ నడినెత్తిని విడిచి పడమటి గోడపైకి ప్రాకుచున్న వేళ, ధూళిధూసరిత దస్త్రపర్వతశ్రేణీ పరివేష్టితమై, భోజనానంతర నిద్రాభారావనత గుమాస్తాశిరోమండల మండితమై, నాలుగు పంకాలలో ఒక్కటియే, అదియు మూల్గుచు, తిరుగుచుండెడి పురపాలక కార్యాలయమున, అర్జీలు పుచ్చుకొను మూడవ కిటికీ ఎదుట, భుజమున గుడ్డసంచి, చేత పదునాలుగు పుటల వినతిపత్రము రెండు ప్రతులుగా దాల్చి ఒక వీరవనిత నిలిచియుండెను. ఓపిక గల జనులారా, ఆమె సాహసమును ఆలకింపుడు.

ఆమె ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగిని. ఇంటిల్లిపాదిలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. కాగితము పట్టుకొని ఎదుట వాలినదా, సంతకము పెట్టించుకొననిదే కదలదు గనుక, అంగడి ఆడవాండ్రందరు ఆమెను సంతకాలమ్మ అని పిలిచెదరు.

యుద్ధకారణం బెట్టిదనిన: అంగడిలో ఆడవారి మరుగుదొడ్డి తలుపునకు పదకొండు నెలలుగా గొళ్ళెము లేదు. ఒకరు లోనికేగిన వేరొకరు వెలుపల తలుపు పట్టుకొని ద్వారపాలకత్వము వహింపవలయు. బేరము విడిచి వచ్చువారెవ్వరు? అందుచేత, అచ్చట కూరగాయలమ్ము సంతకాలమ్మ తల్లి పొద్దుపొడిచినది మొదలు పొద్దుగూకుదాక గుక్కెడు నీరు ముట్టదు. డాక్టరు రెండుమార్లు చీవాట్లు పెట్టెను. మరునాడే పురపాలక సభ. నేటి సాయంత్రము ఐదింటిలోగా ‘అందినది’ అను ముద్ర పడిన అర్జీయే సభకెక్కును. పడనిది మూడు నెలలు మూలబడును. గడియారము నాలుగున్నర చూపుచుండెను.

కిటికీకావల, ‘రేపు రండి’ యను ఏకైక బాణముతో వేల అర్జీలను నేలగూల్చిన దుర్జయుడు, ముద్రాధరుడు, గుమాస్తా ఆసీనుడై యుండెను. అతడు కళ్ళజోడు సవరించి పుట వెనుక పుట తిరగవేసెను.

“ఇంతకీ మీకేం కావాలమ్మా?”

“గొళ్ళెం సార్.”

“ఏ పేజీలో ఉంది?”

సంతకాలమ్మ వెదకెను. ఆ అర్జీని రచించినవాడు సంస్థ పెద్దాయన, అనేక వర్క్‌షాపు రణరంగ ధీరుడు, చార్టు కాగితములపై రంగురంగుల పెన్నులతో బాణపుగుర్తులు సంధించుటయందు అద్వితీయుడు. ఆ పుటలలో ‘భాగస్వామ్యం’ ముప్పదియొక్క పర్యాయములు, ‘సాధికారత’ ఇరువదినాలుగు పర్యాయములు గర్జించుచుండెను. గొళ్ళెము మాత్రము, తలుపునకు వలెనే, అర్జీకిని లేదు. మూడు వారములు ఇల్లిల్లు తిరిగి చివరి పుటలను సంతకములతో నింపిన ఆమెకు, ముందు పుటలు చదువ తీరిక చిక్కనే లేదు.

వెంటనే పెద్దాయనకు ఫోను చేసెను.

“అదేంటమ్మా, ఆరో పేజీలో ‘గౌరవప్రద జీవన వాతావరణం’ అన్నానుగా. గొళ్ళెం అందులో అంతర్లీనంగా ఉంది.”

“అంతర్లీనంగా ఉంటే తలుపు పడదు సార్,” అని ఆమె ఫోను పెట్టివేసెను.

వెనుక వరుసలో నిలిచిన పింఛను తాత దగ్గి, “అమ్మాయ్, మీ గొళ్ళెం తేలితే నా పింఛను సంగతి చూసుకుంటా. కాళ్ళు పీకేస్తున్నాయి,” అనెను.

అప్పుడా వీరవనిత ఒరనుండి కత్తి దూసినట్లు సంచినుండి పెన్ను దూసి, రెండు ప్రతులకును నొసట, సాధికారతకన్న పైన, ఒక్క వాక్యము లిఖించెను: అంగడిలో ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపుకి గొళ్ళెం పెట్టించండి.

గుమాస్తా చదివెను. “ఇదేదో ముందే రాసుంటే పదమూడు పేజీలు మిగిలేవి కదమ్మా,” అని, దారుమయ పిడిభాసురమగు ముద్రాదండమును ప్యాడున కద్ది, గగనమునకెత్తి, మేఘగర్జనవలె బల్ల అదరునట్లు మోదెను.

కాగితము తెల్లగా నవ్వెను.

“ప్యాడ్ ఎండిపోయింది. కొత్తది రేపొస్తుంది,” అని అతడు మెల్లగా అమ్ములపొదికి చేయి చాచెను. “రేపు రండి.”

“ఓరీ ముద్రాధరా, పదకొండు నెలలు తలుపు పట్టుకొని నిలిచిన చేతుల సాక్షిగా, దాహమును దిగమ్రింగిన కంఠముల సాక్షిగా చెప్పుచున్నాను: మిన్ను విరిగి మీదపడినను, ముద్ర పడనిదే ఈ పాదము కదలదు.” ఇది ఆమె అంతరంగమున మ్రోగిన సింహనాదము. నోట వెలువడినది మాత్రమిది:

“సార్, సిరా నా దగ్గరుంది.”

సంచి అడుగున ఒక రేకుపెట్టె. అందు వేలిముద్రల ప్యాడు. సంతకము రానివారు నూటముప్పదిమంది బొటనవ్రేళ్ళు అద్దిన ప్యాడు. మొదటి వ్రేలు ఆమె తల్లిది. ఇంకను తడి ఆరలేదు.

గుమాస్తా వెనుకకు జరిగెను. “అది నీలం. ఆఫీసు ముద్ర ఊదా రంగులో పడాలి. రూలు.”

పింఛను తాత తన కాగితమును కిటికీలో దూర్చెను. “నాయనా, పోయిన నెల నాకు నువ్వే పచ్చగా కొట్టావు. ఇదిగో చూసుకో. ఆ రూలు ఊరెళ్ళిందా?”

గుమాస్తా ఆ పచ్చని ముద్రను చూచెను, గడియారమును చూచెను, మూత బిగించి సిద్ధముగానున్న తన క్యారియరును చూచెను. “సరే, ఇలా తే,” అనెను.

రెండవమారు దండము లేచెను. రెండవమారు బల్ల అదరెను. సంతకాలమ్మ తన ప్రతిని వెలుతురులోకి పట్టి చూచెను.

“తలకిందులుగా పడింది సార్.”

“తలకిందులైనా అందినట్టే. ఇక వెళ్ళిరా తల్లీ.”

అంగడిలో తల్లి వంకాయలపై నీళ్ళు చిలకరించుచుండెను. వానికి దొరకు నీరు ఆమెకు దొరకదు.

“గొళ్ళెం ఏదే?”

“రేపు మీటింగ్‌లో మాట్లాడతారమ్మా. ముద్ర పడింది, చూడు.”

తల్లి ఆ తలక్రిందు ముద్రను వ్రేలితో తడిమెను. “ఇది నా వేలికి పూసిన సిరాయేగా. పదిహేనేళ్ళు చదివిస్తే, నా సిరాతోనే పని కానిచ్చుకొచ్చావన్నమాట.” పిదప గొంతు తగ్గించి, “సరే, మరి ఇవాళ్టికో?”

“ఇవాళ్టికి నేనున్నాగా. ముందు నీళ్ళు తాగు.”

తల్లి చెంబెత్తి, వంకాయలకు మిగిల్చిన నీటిని గటగట త్రాగెను. పగటివెలుతురున, అంగడి నడుమ, ఆఖరి చుక్కదాక. కొంతసేపటికి ఇరువురును లేచి నడచిరి. అర్జీని చంకనిడుకొని, గొళ్ళెము లేని ఆ తలుపునకు వెన్నానించి, సంతకాలమ్మ కోటగుమ్మము వలె నిలిచెను.

“ఉన్నావా?” అని లోపలినుండి.

“ఉన్నానమ్మా.”

కావున జనులారా, చాటుడు దిక్కులదర: ఆ పురమున, ఆ దినమున, ఒక అర్జీ అందినది. నీలముగా, తలక్రిందుగా, ఐదింటికి రెండు నిమిషములుండగా అందినది. జయము.