డాక్టర్ పెల్ కొండెక్కిన రోజు

గురువారం పొద్దున్న ఆరు గంటలకి ఓరిన్ టటిల్ వంటింట్లో నిలబడి, చెంప మీద చెయ్యి వేసుకుని, ఏ నొప్పీ లేని పంటిని తలుచుకుని మూలిగాడు. ముందు రోజు అద్దం ముందు రెండుసార్లు సాధన చేసిన మూలుగు అది.

"ఏ పన్ను?" అంది అతని భార్య లోర్నా, కాఫీ పోస్తూ.

"వెనకది. ఎడమ వైపు."

"చెయ్యి కుడి వైపు ఉంది."

"నొప్పి పాకిందిలే. డాక్టర్ పెల్‌కి చూపించుకొస్తా. ఇవాళ దుకాణం మధ్యాహ్నం తెరుస్తాను. కాస్త ఆలస్యమైనా కంగారు పడకు."

లోర్నా అతని కాళ్ల వైపు చూసింది. పళ్ల డాక్టరు దగ్గరికి బయల్దేరిన మనిషి కొండలెక్కే బూట్లు వేసుకున్నాడు. "గురువారం పెల్..." అని ఏదో అనబోయి ఆగింది. "సరే, జాగ్రత్తగా వెళ్లిరా" అని వేరుసెనగ వెన్న పూసిన శాండ్విచ్‌లు రెండు కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. పన్ను నొప్పి ఉన్నవాడికి ఇవెందుకని అతను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఆదివారానికి వాళ్ల పెళ్లయి ముప్ఫై ఏళ్లు నిండుతాయి. లోర్నా ఈసారి కానుక ఒక్కటే కోరింది. థార్న్ కొండ చుట్టుదారి ఇద్దరూ కలిసి నడవాలి, సరస్సు దాటి శిఖరం ఎక్కాలి, అక్కడ అతను రాసిన వాక్యం తన కళ్లతో చూడాలి. ఏటా అడుగుతూనే ఉంది. ఏటా అతనికి దుకాణంలో ఏదో ఒక పని తగులుతూనే ఉంది. ఈసారి మాత్రం ఆవిడ అతని దుకాణానికే వచ్చి, వరుసలో నిలబడి, పూర్తి ధర ఇచ్చి బూట్లు కొనుక్కుంది. ఇక తప్పించుకునే దారి లేదు.

ఆ వాక్యం కథ ఇది. పెళ్లికి ముందు, ఇంకా ఒకరి మనసు ఒకరికి తెలియని రోజుల్లో, ఓరిన్ ఒక సాయంత్రం ఆవిడతో అన్నాడు: "నిన్న థార్న్ ఎక్కాను. పైన రేకు డబ్బాలో పుస్తకం ఉంటుంది చూడు, అందులో రాసొచ్చాను. 'ఇక్కడి నుంచి ఊరంతా కనపడుతోంది. నాకు మాత్రం ఒక్క ఎర్ర ఇంటికప్పే కనపడుతోంది. దాని కింద లోర్నా ఉంది' అని." లోర్నా ఆ వాక్యం ఇంకోసారి చెప్పించుకుంది. తరువాతి ఏడాది పెళ్లయింది.

నిజానికి ఆ రోజు ఓరిన్ సరస్సు దాకానే వెళ్లాడు. సరస్సు అవతల నిటారుగా రాతి గోడ, దానికి దిగ్గొట్టిన ఇరవై రెండు ఇనప కడ్డీలు కనపడ్డాయి. వాటిని చూస్తూ భోజనం చేశాడు. చూస్తూనే వెనక్కి వచ్చాడు.

ఆ తరువాత కొండ కిందనే దుకాణం పెట్టాడు. ఇరవై ఆరేళ్లుగా బూట్లూ, పటాలూ, ఉచిత సలహాలూ అక్కడ దొరుకుతున్నాయి. దిగివచ్చిన వాళ్లు చెప్పింది విని, ఎక్కబోయే వాళ్లకి చెప్పేవాడు. థార్న్‌ని అతనంత బాగా వర్ణించగలవాడు ఊళ్లో లేడు. ఎక్కినవాళ్లకి ఆయాసం అడ్డొచ్చేది, ఓరిన్‌కి ఆ ఇబ్బంది లేదు. ఆఖర్న ఎర్ర కప్పు మాట కూడా తప్పకుండా చెప్పేవాడు. విన్నవాళ్లు ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, మర్యాదగా తల ఊపి వెళ్లిపోయేవారు.

ఇప్పుడు అతని పథకం సులువైనదే. ఆదివారానికి ముందే ఒక్కడూ ఎక్కాలి. పుస్తకంలో పాత పేజీ వెతికి, ఖాళీ చోట ఆ వాక్యం ఇరికించాలి. అందుకోసం సిరా వెలిసిన పెన్ను కూడా ఒకటి దాచుకున్నాడు.

మొదటి చిక్కు దారి మొదట్లోనే ఎదురైంది. కొండెక్కే ప్రతివాళ్లూ అక్కడి చెక్కపెట్టెలో ఉన్న పుస్తకంలో పేరు రాయాలి. రోజూ తొమ్మిదింటికి డెల్ హచిన్స్ ఆ పుస్తకం చూస్తుంది. ఆవిడ ఊరి గాలింపు బృందానికి పెద్ద. బుధవారాలు లోర్నాతో పేకాట ఆడుతుంది కూడా. సొంత పేరు రాస్తే ఆ కబురు సాయంత్రానికల్లా ఇంటికి చేరుతుంది. రాయకుండా వెళ్లడానికి ఓరిన్‌కి మనసొప్పలేదు, ఎందుకంటే రాయమని ఇరవై ఆరేళ్లుగా అందరికీ చెబుతున్నది అతనే. పెన్ను గాలిలో ఊగింది. పొద్దున్నుంచి బుర్రలో తిరుగుతున్న పేరు ఒక్కటే. అదే కాగితం మీదికి దిగింది: "గోర్డన్ పెల్. ఒక్కరు. సరస్సు మీదుగా శిఖరం. పొద్దున్న ఏడు గంటలు."

మూతపడ్డ రంపపు మిల్లు వెనక దాచిన తన ట్రక్కు వైపు ఒకసారి చూసుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. రెండున్నర గంటల్లో సరస్సు వచ్చింది. కడ్డీలు కూడా అక్కడే ఉన్నాయి. ముప్ఫై ఏళ్లలో ఒక్కటి కూడా తగ్గలేదు.

"కిందికి చూడకు. ఒక చెయ్యి వదిలితే రెండో చెయ్యీ, రెండు కాళ్లూ గట్టిగా ఉండాలి. తొందర వద్దు" అని తనకి తనే చెప్పుకున్నాడు. వేలమందికి చెప్పిన సలహాయే. కౌంటరు వెనక నుంచి చెప్పినప్పుడు అందులో ఈ ఈదురుగాలి ఉండేది కాదు. పదకొండో కడ్డీ దగ్గర కాళ్లు ఆగిపోయాయి. ఎక్కలేడు, దిగలేడు. ఆదివారం లోర్నా ఆ పుస్తకం తెరిచి, పేజీలు ఒక్కొక్కటే తిప్పి, ఏమీ కనపడక తన వైపు తిరిగి చూసే చూపు కళ్లముందు కదిలింది. దాని కన్నా పన్నెండో కడ్డీ నయమనిపించింది.

కింద తొమ్మిదింటికి డెల్ పుస్తకం తెరిచింది. పెల్ పేరు చూసి ఆవిడ గుండె జారింది. పెల్ గుండెకి స్టెంట్ వేసి ఇంకా ఆరు వారాలు కాలేదు. మేడ మెట్లు కూడా నెమ్మదిగా ఎక్కమన్నారు. ఫోను అందే రోడ్డు మీదికి పరుగెత్తి వాళ్లింటికి ఫోను చేసింది.

"కొండేంటి డెల్? గురువారం కదా, ఆయన మిల్లు చెరువుకి చేపలకెళ్లాడు" అంది పెల్ భార్య బెవర్లీ.

"చేపలకెళ్లిన మనిషి కొండ పుస్తకంలో పేరెందుకు రాస్తాడమ్మా? పైగా ఇక్కడ కారు కూడా లేదు. ఎవరికీ తెలియకూడదని నడిచొచ్చాడేమో."

"అయ్యో! వారం నుంచీ అదోలా ఉన్నాడు. రోజూ ఉడకబెట్టిన క్యాబేజీయే పెడుతున్నా. ప్రాణం మీద విరక్తి పుట్టిందో ఏమో!"

పోలీసాయన ఒకడు చెరువు గట్టు దాకా వెళ్లి చూశాడు. గట్టున పెల్ కారు ఉంది, మనిషి లేడు, పడవ కూడా ఎక్కడా కనపడలేదు. కారు అక్కడ వదిలి కొండకి నడిచాడో, పడవే మునిగిందో తెలియక భయం రెట్టింపయింది. పదింటికల్లా నారింజ రంగు చొక్కాలు తొడుక్కుని, స్ట్రెచర్ మోసుకుంటూ పన్నెండు మంది, కడ్డీలు లేని అవతలి వైపు గట్టుదారిన కొండెక్కడం మొదలుపెట్టారు.

వాళ్లు సగం దారిలో ఉండగా ఓరిన్ శిఖరం చేరాడు. రాయి మీద కూలబడి, బతికున్నందుకు ముందు కాస్త ఆశ్చర్యపోయాడు. సరస్సు కింద గుప్పెడంత మెరుస్తోంది. లేచి ఊరి వైపు తిరిగాడు. ఊరు లేదు. అడ్డంగా చిన్న థార్న్ అనే గుట్ట దట్టమైన చెట్లతో నిలబడి ఉంది. ఇటు జరిగి చూశాడు, అటు జరిగి చూశాడు, రాయెక్కి మునివేళ్ల మీద నిలబడి చూశాడు. ఎర్ర కప్పు మాట అటుంచి, ఊరి చర్చి కొన కూడా కనపడలేదు.

ఇరవై ఆరేళ్లుగా తన మొహంలోకి చూసి మర్యాదగా తల ఊపిన వాళ్లందరూ వరసగా గుర్తొచ్చారు.

రేకు డబ్బా మూత తీశాడు. పుస్తకం నిరుడు జూలైలో మొదలైంది. అట్ట మీద చక్కటి అక్షరాలతో ఒక గమనిక ఉంది: "నిండిన పాత పుస్తకాలన్నీ ఊరి లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి." ఊరి లైబ్రరీ చూసేది లోర్నా. ఆ అక్షరాలు కూడా లోర్నావే.

అతను ఆ అక్షరాలకేసి ఎంతసేపు చూశాడో తెలియదు. గట్టుదారి నుంచి కేకలు వినపడ్డాయి. "డాక్టరుగారూ! ఓ పెల్ డాక్టరుగారూ!" ముందుగా డెల్ తల, వెనకే నారింజ చొక్కాలు పైకి తేలాయి.

"ఓరిన్! నువ్విక్కడేంటయ్యా? పెల్ కనపడ్డాడా?"

"ఏ పెల్?"

"మనకెంతమంది పెల్‌లున్నారు? పళ్లాయన! పొద్దున్న ఏడింటికి పేరు రాసి ఎక్కాడు, గుండె జబ్బు మనిషి!"

"కనపడలేదు" అన్నాడు ఓరిన్. అది అబద్ధం కాదు.

"పోనీ నువ్వు చెప్పు. ఈ కొండ నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. అలిసిపోయినవాడు ఎటు పోతాడు?"

పన్నెండు మందీ అతని నోటి వైపు చూశారు. ఓరిన్ వేలు తనంతట తనే లేచి ఉత్తరం వైపు ఊగింది. నలుగురు మారుమాట లేకుండా ముళ్లపొదల్లోకి దిగబోయారు.

"ఇలా కాదు. హెలికాప్టర్ పిలుస్తా" అని డెల్ రేడియో ఎత్తింది.

"ఆగు డెల్" అన్నాడు ఓరిన్. "పెల్ ఎక్కలేదు. ఆ పెల్ నేనే."

స్ట్రెచర్ మోస్తున్న ఇద్దరూ దాన్ని నెమ్మదిగా కింద పెట్టారు. అంతలో సరస్సు వైపు కడ్డీల మీంచి లోర్నా పైకి వచ్చింది. కొత్త బూట్లు, ఎర్రబడ్డ మొహం. "ఏమీ పిలవకండి! ఆ చేతిరాత మా ఆయనది!" అని అరిచి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పింది. "బెవర్లీ చెబితే వచ్చి పుస్తకం చూశాను. అప్పటికే మీరు బయల్దేరారు. ఈ కొండ మీద ఫోను పనిచేసి చస్తే కదా!"

"నిజమే" అని ఓరిన్ తల వంచుకున్నాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "ఇంకోటి కూడా చెప్పాలి. నేనీ కొండెక్కడం ఇవాళే మొదటిసారి."

నారింజ చొక్కాలన్నీ ఒక్కసారిగా తమ తమ బూట్ల వైపు చూసుకున్నాయి.

"అది మాకు తెలుసులే" అంది డెల్, కాస్త మెత్తగా. "ఇక్కడి నుంచి ఊరు కనపడదు కదా."

రేడియో గరగరలాడింది. పోలీసాయన గొంతు: "పెల్ దొరికాడు. చెరువు మధ్యలో దిబ్బ చాటున పడవలో ఉన్నాడు. ఒక చేతిలో చుట్ట, ఇంకో చేతిలో వేయించిన పంది మాంసం శాండ్విచ్. బెవర్లీగారు నాతోనే ఉన్నారు... అమ్మా, ఆ తెడ్డు కింద పెట్టండమ్మా!"

డెల్ రేడియో కట్టేసింది. "పదండర్రా. ఆదివారం ఈ పన్నెండు మందికీ భోజనం నీదే ఓరిన్" అని మనుషుల్ని వెంటబెట్టుకుని దిగిపోయింది.

శిఖరం మీద ఇద్దరే మిగిలారు.

"నీకెప్పటి నుంచి తెలుసు?" అన్నాడు ఓరిన్.

"నువ్వు చెప్పిన మూడో రోజు నుంచి. ఉండబట్టలేక ఒక్కదాన్నే ఎక్కొచ్చాను. పుస్తకమంతా వెతికాను. ఎవరో ఎలుగుబంటి తన టోపీ ఎత్తుకుపోయిందని రాశాడు. నువ్వు మాత్రం ఏమీ రాయలేదు."

"మరి పెళ్లెందుకు చేసుకున్నావు?"

లోర్నా అతన్ని రాయి మీద కూర్చోబెట్టి పక్కనే చేరింది. "ఎక్కినవాళ్లు చాలామందే ఉన్నారు. అందులో ఒక్కడూ నా ఇంటి కప్పు గురించి అనుకోలేదు. ఏదో ఒక రోజు నువ్వే ఎక్కి రాస్తావులే అనుకున్నాను. ముప్ఫై ఏళ్లు పడుతుందనుకోలేదు." పుస్తకం అతని ఒళ్లో పెట్టి, అతని జేబులోంచి సిరా వెలిసిన పెన్ను లాక్కుని, మంచి పెన్ను చేతికిచ్చింది. "ఇవాళ్టి తేదీ వెయ్యి. సొంత పేరు రాయి."

ఓరిన్ చాలాసేపు ఆలోచించి రాశాడు: "ఇక్కడి నుంచి ఏ కప్పూ కనపడదు. లోర్నా పక్కనే ఉంది."

ఆవిడ రెండుసార్లు చదివి, కళ్లు తుడుచుకుని, డబ్బా మూత బిగించింది. జేబులోంచి ఓట్స్ బార్ తీసి అతనికిచ్చింది. దుకాణంలో రెండేళ్లుగా అమ్ముడుపోకుండా పడున్న సరుకే. ఓరిన్ ధీమాగా కొరికాడు. టక్కుమంది.

"ఏ పన్ను?" అంది లోర్నా.

"వెనకది. ఎడమ వైపు." ఈసారి చెయ్యి కూడా ఎడమ వైపే ఉంది.

మర్నాడు పొద్దున్నే రమ్మని డాక్టర్ పెల్ స్వయంగా ఫోను చేశాడు, కాని మత్తు సూది పనిచేసేదాకా ఆగే తీరిక మాత్రం ఆయనకి లేకపోయింది.