ఇత్తడికెక్కిన గుట్టు

ఆ పొద్దున నేమ్‌ప్లేట్ల వ్యాపారి చేతిలో ఉన్నవి ఇరవై ఇత్తడి పలకలు, వాటిని చెక్కే మిషను, కంప్యూటరు చదివిన అల్లుడు. కొత్త అపార్ట్‌మెంటులో సాయంత్రంలోగా పలకలన్నీ బిగించి మెప్పిస్తే పక్క భవనం పని కూడా ఆయనకే. లేదంటే ఎదురు కొట్టువాడికి.

"ఫ్లాట్లవాళ్లే ఫోన్లో పేరు కొడతారు మామయ్యా. మిషన్ దానంతటదే చెక్కేస్తుంది," అన్నాడు అల్లుడు.

"ఇదంతా నువ్వే రాశావా?"

"ఎవరో రాసిన ప్రోగ్రాం ప్యాకేజీ. ఊరికే దొరికింది."

ఊరికే అనగానే వ్యాపారికి ముచ్చటేసింది. ఇక సరిచూడాలన్న ఆలోచనే రాలేదు.

మధ్యాహ్నానికి పలకలన్నీ రెండేసి వరసలతో వచ్చాయి. ఏడో నంబరు ఫ్లాటుది మాత్రం చీమల బారులా నిండిపోయింది. అది రిటైరైన కంప్యూటర్ టీచరు ఇల్లు. డిగ్రీలన్నీ కొట్టి ఉంటుందనుకుని, ఆ గౌరవానికి నాలుగు స్క్రూలు ఎక్కువ వేసి మరీ బిగించి వచ్చాడు.

గంట తిరక్కుండా అపార్ట్‌మెంటు సెక్రటరీ ఫోను. "ఏవండీ, ఏడో నంబరు పలక నిండా డిగ్రీలేమో అనుకున్నా. 'మూడో నంబరావిడ నవ్వుతూ మాట్లాడుతుంది, నమ్మొద్దు.' ఇదేం డిగ్రీ?"

వ్యాపారికి వెలిగింది. అవి ఆర్డరిచ్చిన ఫ్లాట్లవాళ్ల గురించి తాను షాపు కంప్యూటర్లో దాచుకున్న మాటలు! అల్లుణ్ణి లాక్కుని పరుగెత్తాడు. ఏడో నంబరు ముందు జనం. పలక ఊడదీద్దామంటే ఆ స్క్రూలు ఒక పట్టాన కదలవు.

"నేనే చేశానండీ," అంది టీచరు. "పేరు రాసే గడిలో పేరు పక్కన సెమీకోలన్ పెట్టి అక్కడితో దాన్ని ముగించి, కంప్యూటర్లో ఉన్నది చూపించమని ఆజ్ఞ రాశా. పేరేదో ఆజ్ఞేదో మీ ప్రోగ్రాం చూడనే లేదు. ఖాళీ గడి కనిపిస్తే పరీక్షించకుండా ఉండలేను. జవాబు తెర మీదొస్తుందనుకున్నా గానీ ఇత్తడి మీదనుకోలేదు!"

"దీన్ని కమాండ్ ఇంజెక్షన్ అంటారు మామయ్యా."

"పేరు తర్వాత చెబుదువుగాని, ముందు స్క్రూ తిప్పు!"

సెక్రటరీ పలక మీద తన గురించి ఉన్న వరస చదివాడు: 'పావుగంట వాదిస్తాడు, చివరికి మన రేటుకే వస్తాడు.' ముఖం కందగడ్డయింది. "పక్క భవనం పని మీకిచ్చేది లేదు!"

"ఇన్నేళ్లుగా నేను మొత్తుకుంటున్నది ఇదేగా! పాపం, ఆయన చెక్కించి చూపించారు," అంది సెక్రటరీ భార్య.

అంతలో పన్నెండో నంబరాయన జనాన్ని తోసుకొచ్చాడు. "అందరి గురించీ రాశారు. నా గురించి ఒక్క ముక్కా లేదేం? నేను మనిషిని కానా?"

అందరూ ఘొల్లుమన్నారు. పలక రాత అబద్ధమని నిరూపించాలని సెక్రటరీ అక్కడికక్కడే పక్క భవనం రేటు మీద వాదనకు దిగాడు. పావుగంట తర్వాత వ్యాపారి రేటుకే ఒప్పుకున్నాడు. గుట్టు మాటల ఫైలు మాత్రం చెరిపెయ్యాలనీ, ప్రోగ్రాం టీచరు చూసి సరేనన్నాకే వాడాలనీ షరతు పెట్టాడు.

తేలిన లెక్క ఇది: పక్క భవనం పని వచ్చింది, ప్రతి గడినీ అనుమానించే టీచరు దొరికింది, గుట్టు మాటల ఫైలు పోయింది. పన్నెండో నంబరాయన గురించి రాయడానికి బోలెడంత ఉంది గానీ, రాసుకోవడానికి ఇప్పుడు ఫైలు లేదు.