వెళ్లొస్తానండీ

డాక్టరమ్మ గారి ఆసుపత్రిలో సోమవారం ఉదయం తొమ్మిది గంటల నుంచి ఒత్తిడి రద్దు చేయబడినదని ప్రజలకు సగౌరవంగా తెలియజేయడమైనది. పాతికేళ్లుగా నోటుపుస్తకం పట్టుకుని రోగులను వరసగా పిలుస్తున్న ఆమె మేనత్తను మూలకుర్చీకి బదిలీ చేసి, గుమ్మం పక్క గోడకు ఒక తెలివైన యంత్రాన్ని బిగించారు. అది మాటలు వింటుంది, రోగులను పిలుస్తుంది, మళ్లీ ఎప్పుడు రావాలో ఫోనుకు సందేశం పంపుతుంది. డాక్టరమ్మ కోరిక ఒక్కటే. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంటికి వెళ్లి, కూర్చుని భోంచేయాలి. ఆరునెలలుగా నిలబడి తింటున్న ఆమె రక్తపోటు తన రోగులందరినీ మించిపోయింది.

మొదటిరోజు నలభైమంది వచ్చారు. జ్వరాలు, దగ్గులు, ఒక బెణికిన చీలమండ. అందరూ మర్యాద తెలిసినవాళ్లు గనుక గుమ్మం దగ్గర "వెళ్లొస్తానండీ" అని సెలవు తీసుకున్నారు. యంత్రానికి మాట విలువ తెలుసు. వస్తామన్నారు కదా అని నలభైమందికీ మర్నాటికి సమయం ఖాయం చేసింది.

డాక్టరమ్మే పిలిపించిందంటే లోపల ఏదో పెద్దదే ఉండి ఉంటుందని అందరూ గుండెలు అరచేతిలో పెట్టుకుని వచ్చారు. ధైర్యం చెప్పడానికి బావమరుదులు, పిన్నులు వెంట వచ్చారు. ఏమీ లేదని తేలాక సంతోషంగా "వెళ్లొస్తామండీ" అన్నారు. గురువారానికి లెక్క నూట పన్నెండుకు చేరింది. అందులో ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ కూడా ఉన్నాడు. అతనికి మూడుసార్లు గుండె పరీక్ష జరిగింది. డాక్టరమ్మ భోజనం సాయంత్రం ఐదుకు, అదీ నిలబడే జరిగింది.

"యంత్రంలో లోపం లేదు మేడమ్. మాట మీద నిలబడే సంస్కారం మనుషుల్లో రావాలి" అని అమ్మినాయన ఉపన్యసించి, ఒక బోర్డు పెట్టించాడు: 'వెళ్లువారు పోతున్నాను, ఇక రాను అని స్పష్టముగా పలకవలెను.'

ఒక తాతగారు కళ్లద్దాలు సర్దుకుని దాన్ని రెండుసార్లు చదివారు.

"ఆసుపత్రి గుమ్మంలో నిలబడి, పోతున్నానని నా నోటితో నేనే అనాలా తల్లీ?"

అప్పటి నుంచి అందరూ నోరు మెదపకుండా జారుకున్నారు. సెలవు తీసుకోనివారు లోపలే ఉన్నట్టు యంత్రం లెక్క. డాక్టరమ్మ గదిలో అరవై ఇద్దరు ఉన్నారని ప్రకటించి, తర్వాతివాళ్లను పిలవడం మానేసింది.

మేనత్త లేచి, దాని మాటలు వినే స్విచ్చి ఆపేసింది. "అమ్మాయ్, ఎవరు రావాలో నేను చెబుతాను. కబురు పంపడం వరకే దీని పని."

మర్నాడు ఒంటిగంటకు డాక్టరమ్మ ఇంట్లో కూర్చుని భోంచేసింది. ఆమెకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది.

కానీ ఆసుపత్రికి రోగులు తప్ప ఎవరూ రావడం లేదు. బెంచీలు ఖాళీగా కనబడేసరికి, పాపం ఆవిడ హస్తవాసి తగ్గిందని వీధిలో చెప్పుకున్నారు. ఎదురుగా ఉన్న డాక్టరు గారు అదే యంత్రం కొన్నారు. ఆయన ముందు వరస మలుపు దాటింది.

ఆ దిగులుతో డాక్టరమ్మ రక్తపోటు మళ్లీ పెరిగింది. తన వైద్యం తాను చేసుకోకూడదు గనుక బయలుదేరింది. వీధి చివర మరో డాక్టరు ఈగలు తోలుకుంటూ కనబడ్డాడు. ఆయన్ను దాటి వచ్చి, ఎదురు డాక్టరు గారి వరస చివర నిలబడింది.

"మీకేమిటండీ జబ్బు?" అని ముందున్నాయన్ను అడిగింది.

"ఏమీ లేదండీ. రమ్మన్నారు."

ఇంతమంది ఊరికే వస్తారా అని డాక్టరమ్మ ధైర్యం తెచ్చుకుంది.