చెయ్యి తగలని అచ్చుబొమ్మ

చెత్తను పుట్టించడం మానవజాతి ఏనాడో నేర్చుకుంది గానీ, దాన్ని పద్ధతిగా కొనుక్కోవడం నేర్పిన ఘనత మాత్రం మా మేనకోడలి బడికే దక్కుతుంది.

పిల్లలు ఇంట్లోని పాత వస్తువులతో అచ్చుబొమ్మ చేసి తేవాలని ఆ బడివారు యాప్‌లో ప్రకటించారు. ఇందుకోసం ‘వ్యర్థ సృజన విభాగం’ తెరిచి, ఒక అధికారిణిని నియమించారు. (ఆమె అంతకుముందు కాగితం పొదుపు విభాగం చూసేవారు. పొదుపు గురించిన సర్క్యులర్లకు కాగితం చాలక దాన్ని మూసేశారు.)

మేనకోడల్ని ఇంట్లో గువ్వ అంటాం. రెండో తరగతి. అక్క ప్రకటన చదివి వినిపించగానే వెళ్లి చెత్తబుట్ట ముందు చతికిలబడింది. చెప్పుల డబ్బా మూత మీద పురికొస ముక్కల్ని పిల్లి ఆకారంలో అంటించింది. అరిగిపోయిన స్పాంజితో నీలం రంగు అద్ది, కాగితం మీద బోర్లించి, మోచేత్తో అదిమింది. మూత ఎత్తేసరికి కాగితం మీద నీలం పిల్లి! ఒక చెవి సగమే పడింది.

“అమ్మా, నేను నొక్కితే వచ్చింది!” అని ఇల్లంతా గెంతింది.

మర్నాడు అక్క పిల్లనీ, పిల్లినీ వెంటబెట్టుకుని బడికి వెళ్లింది. అధికారిణి చేతికి తొడుగు వేసుకుని మూతను అటూ ఇటూ తిప్పారు.

“ఇది వాడేసిన అట్టలా ఉందే!”

“అవునండీ. పాతవే వాడమన్నారుగా,” అంది అక్క.

“పాతవంటే మేం ఆమోదించిన పాతవమ్మా. మన స్టోర్‌లో కొత్తగా వచ్చాయి.”

“మరి నా పిల్లి?” అంది గువ్వ.

“చూడు తల్లీ, చెవి సగమే ఉంది. పైగా అంచున నీ వేలిముద్ర. పిల్లలు ముట్టుకున్నట్టు ఇట్టే తెలిసిపోతోంది.”

అక్క స్టోర్‌కి వెళ్లి, ఆమోదించిన పాతవన్నీ ఉన్న కిట్టు కొన్నది. అందులో కత్తిరింపు చెదరని అట్టలూ, ఏ సీసానూ ఎరగని సీసా మూతలూ విడివిడిగా ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి. (విప్పిన కవర్లు చెత్త కాబట్టి బడి ఆవరణలోకి తేరాదు.)

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. ఈ పని కోసం సెలవు పెట్టి, వెంట్రుకవాసి వంకర రాకుండా రసమట్టం పెట్టి మరీ నెమలి అచ్చు బిగించాడు.

“నాన్నా, ఒక్కసారి నేను నొక్కనా?”

“వద్దురా, చెడిపోతుంది. ప్రైజు వచ్చాక నీ ఇష్టం వచ్చినన్ని సార్లు నొక్కుదువుగాని.”

గువ్వ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, గుమ్మం దగ్గర కూర్చుని చూసింది.

ప్రదర్శన వైభవంగా జరిగింది. ఒక ఇంజనీరుగారి అబ్బాయి పేరు మీద వంతెన నిలబడింది. పళ్ల డాక్టరుగారి అమ్మాయి పేరు మీద పూసిన పువ్వుకు సరిగ్గా ముప్పైరెండు రేకులు. మొదటి బహుమతి మాత్రం గువ్వ పేరున ఉన్న నెమలికి వచ్చింది. బావ కళ్లు తుడుచుకున్నాడు.

ముఖ్య అతిథి మైకు వంచి, “ఇంత నీటుగా ఎలా చేశావమ్మా?” అని అడిగారు.

“నేను ముట్టుకోలేదండీ,” అంది గువ్వ.

చప్పట్లతో హాలు మోగిపోయింది. ఆ వాక్యాన్ని విభాగంవారు వచ్చే ఏటి నియమావళిలో మొదటి నియమంగా చేర్చారు.