నర్సుల బాధ: నిల్

"నయంకాని రోగులను చూసుకునే నర్సుల బాధను ఇకమీదట వారం వారం ప్రభుత్వమే వింటుంది!" అని ఆదోని సభలో మంత్రిగారు ప్రకటించగానే చప్పట్లు మోగాయి. నర్సులు మాత్రం డ్యూటీలో ఉండి చప్పట్లు కొట్టలేకపోయారు.

వినే పని ఆస్పత్రి ఆఫీసు సూపర్నెంటు భీమసేనరావుకు పడింది. ఇరవై రెండేళ్లు మలేరియా సెక్షన్‌లో కాగితాలు నడిపిన మనిషి. వార్డు గుమ్మం తొక్కాలంటేనే తనకు చలిజ్వరమని తనకొక్కడికే తెలుసు. అయినా ఆర్డరు అందగానే అద్దం ముందు నిలబడి, "అయ్యయ్యో, అట్లనా అమ్మా" అనడం నాలుగుసార్లు ప్రాక్టీసు చేశాడు. మూడోసారి బాగా వచ్చిందనిపించింది.

మొదటి గురువారం నర్సు హజరా బీ వచ్చి ఆయన గదిలో కూర్చుంది.

"సార్, పదకొండు మంచాలకు నేనూ జమ్రుద్‌బీ ఇద్దరమే. పెద్దకడుబూరు లక్ష్మన్న ఇయ్యాల్నో రేపో అన్నట్టుండాడు. చెయ్యి పట్టుకొని కూసోమంటాడు. నేను కూసుంటే తక్కినోళ్లను సూసేదెవురు? ఇంగొక నర్సును ఇప్పీండి సార్. పక్కన ఎవురూ లేకుండా సచ్చిపోతాండారు."

"అయ్యయ్యో, అట్లనా అమ్మా!"

తర్వాత ఏమనాలో సర్క్యులర్‌లో లేదు. అందుకని భీమసేనరావు తన బదిలీ గొడవ ఎత్తుకున్నాడు. ఆ వెనకే బీపీ, షుగరు, మాట వినని తమ్ముడు. హజరా బీ గంటసేపు తల పంకిస్తూ విన్నది. ఆమెకు ప్రాక్టీసు అక్కర్లేకపోయింది. ఆహా, ప్రాణం ఎంత తేలికపడిందో! పథకం నిజంగా గొప్పదేనని ఆయన ఒప్పుకున్నాడు.

ఆ గంటలోనే లక్ష్మన్న పోయాడని సాయంత్రం తెలిసింది. అప్పటికి పైకి పంపాల్సిన ఫారంలో 'నర్సు బాధ' అనే గడి ఇంకా ఖాళీగానే ఉంది. మలేరియా సెక్షన్‌లో కేసులు 'నిల్' అని రాస్తే శభాష్ అనేవాళ్లు, అంకె వేస్తే మెమో ఇచ్చేవాళ్లు. అలవాటైన చెయ్యి 'నిల్' అని రాసేసింది. "తప్పు కదరా భీమసేనా!" అని తనను తాను గట్టిగా మందలించుకున్నాడు. మందలించుకున్నాక సంతకం పెట్టాడు.

అట్లా పన్నెండు గురువారాలు, పన్నెండు నిల్లులు గడిచాయి.

మంత్రిగారు మళ్లీ వచ్చి, "బాధే లేని వార్డు! రాష్ట్రంలో ఇదొక్కటే!" అని శాలువా కప్పారు. వెనకే ఆర్డరు వచ్చింది. బాధ లేనందున అక్కడ ఇద్దరు నర్సులు దండగ, జమ్రుద్‌బీని ఎమ్మిగనూరుకు బదిలీ చేయడమైనది.

భీమసేనరావు ఆ ఆర్డరు రెండుసార్లు చదివాడు. రాసింది తనే కదా! రెండు రోజులు అన్నం సయించలేదు. ఎవరికైనా చెప్పుకోకపోతే గుండె ఆగేట్టుంది. చెప్పుకోవడానికి ఆదోనిలో తనకెవరున్నారు?

గురువారందాకా ఆగలేక మొట్టమొదటిసారి వార్డులోకే పోయాడు. హజరా బీ ఒక చేత్తో ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో పక్క మంచానికి నీళ్ల గ్లాసు అందిస్తోంది.

"అమ్మా, పెద్ద కష్టమొచ్చిందమ్మా నాకు," అన్నాడు.

ఆమె కాలితో స్టూలు జరిపి, "కూసోండి సార్, సెప్పండి," అన్నది.